పెద్దలకు చెప్పుట ఒక విద్య

"వ్యవసాయ కళాశాలలో నాలుగేండ్లు చదివి వచ్చినవారికి, మరల పెద్దలకు ఎట్లు చెప్పవలెనో నేర్పుటకు ఎం.ఏ. చదువు ఒకటి కావలెనా?" అని ఒక గ్రామోద్యోగి నన్ను ఆ మధ్య ప్రశ్నించినారు. వయోజన విద్య, జీవితపర్యంత విద్య అను పేర్లతో విశ్వవిద్యాలయములలో ఉన్న పట్టభద్రోత్తర చదువును గూర్చి మాటలు వచ్చినప్పుడు ఆయన ఈ ప్రశ్న వేసినారు. వయోజన విద్య అనగా రాత్రిబడిలో అక్షరములు దిద్దించుట అనియే ఆయన అభిప్రాయము. మనలో చాలమంది అభిప్రాయమును అదియే. కొంతకాలము క్రిందటి వరకు నా అభిప్రాయము కూడ అదియే. అది మారుటకు నేను చేసిన ఒక పొరపాటు కారణము. ముందు దానిని చెప్పెదను.

భూసార పరీక్షా పత్రముల పథకము 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. ఆ పత్రములను పంచిపెట్టుటకు ఒక గ్రామములో నేను సభ ఏర్పాటు చేసినాను. పత్రములో పన్నెండు అంశములు ఉండును. ఉదజని సూచిక, లవణముల పరిమాణము, సేంద్రియ కర్బనము, నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను. ఒక్కొక్క దానిని గూర్చి వివరముగా, గంటన్నర సేపు ఉపన్యసించినాను. రైతులు మర్యాదగా విన్నారు. ఎవరును ప్రశ్న వేయలేదు. అందరికిని అర్థమైనదని సంతోషించి, అట్లే నివేదిక వ్రాసి పంపినాను.

పంటకాలము గడచిన తరువాత అదే గ్రామమునకు పోయినప్పుడు ముందువరుసలో కూర్చుండి విన్న ఒక వృద్ధ రైతు కనబడినాడు.

"కార్డు ఏం చేశారు పెద్దయ్యా?" అని అడిగినాను.

"పోగొట్టుకుంటానా బాబూ! పెట్టెలో, పాసుబుక్కు కింద భద్రంగా దాచాను" అన్నాడు.

ఆ కాగితము భూమి తనదే అని ప్రభుత్వము ఇచ్చిన హక్కుపత్రమని ఆయన అనుకొన్నాడు. ఎరువు మాత్రము ఎప్పటివలెనే, పక్క చేనివారు ఎన్ని బస్తాలు చల్లిరో చూచి, అన్ని బస్తాలు చల్లినాడు. ఆయన తెలివితక్కువవాడు కాడు. ముప్పది సంవత్సరములుగా అప్పు లేకుండ సేద్యము చేయుచున్న మనిషి. లోపము వినిన ఆయనలో లేదు, చెప్పిన నాలో ఉన్నది.

ఆ సంభాషణ వినుచున్న ఆయన కోడలు, చదువు రాని మనిషి, ఒక మాట అన్నది: "మా ఈశాన్యం మూల మడి ఏ యేడూ సరిగా పండదయ్యా. అదెందుకో ఆ కాగితంలో ఉందా?" ఆ పత్రమును పెట్టెలో నుండి తీయించి, ముగ్గురమును ఆ మడి గట్టుమీద కూర్చుండి చూచినాము. మట్టి నమూనాను ఆ మడి నుండి తీయలేదు, మంచి మడి నుండి మాత్రమే తీసినారని తెలిసినది. ఆ సంవత్సరము చౌడు మడి నుండి వేరుగా నమూనా తీయించినారు. నా గంటన్నర ఉపన్యాసము చేయలేని పనిని ఆమె ప్రశ్న ఒక్కటి చేసినది.

నాకు మట్టిని గూర్చి తెలియును. కాని నడివయసు దాటిన మనిషి క్రొత్త సంగతిని ఎట్లు అందుకొనునో తెలియదు. మొదటిది ఒక విద్య, రెండవది వేరొక విద్య. మొదటిది ఉన్నచో రెండవది దానంతట అదియే వచ్చునని అనుకొనుటయే మన పొరపాటు.

ఈ చదువు ఎట్లు పుట్టినది

పెద్దలు నేర్చుకొనుటను విశ్వవిద్యాలయములలో ప్రత్యేక శాస్త్రముగా పఠించుట నూరేండ్లకు పూర్వమే ఆరంభమైనది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1920లో వయోజన విద్యకు ప్రత్యేక శాఖ ఏర్పడినది. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయము 1930లో ఇట్టి శాఖను నెలకొల్పి, 1935లో ఈ విషయమున డాక్టరు పట్టములు ఇచ్చినది. మన దేశములో రాజస్థాన్ విశ్వవిద్యాలయము 1962లో వయోజన విద్యా శాఖను ప్రారంభించినది. 1977లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, బోధన, పరిశోధనలతోపాటు విస్తరణ కూడ విశ్వవిద్యాలయముల మూడవ బాధ్యత అని అంగీకరించినది. 1978 అక్టోబరు 2వ తేదీన జాతీయ వయోజన విద్యా కార్యక్రమము ఆరంభమైనది. పదునైదు నుండి ముప్పదియైదు ఏండ్ల వయసుగల పదికోట్లమందికి ఐదేండ్లలో చదువు చెప్పవలెనని దాని లక్ష్యము. అంత పనికి ఈ విద్య తెలిసినవారు కావలెను గనుక అనేక విశ్వవిద్యాలయములలో శాఖలు ఏర్పడినవి. మన ప్రాంతమున తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములోను, విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వవిద్యాలయములోను వయోజన, నిరంతర విద్యా శాఖలు నెలకొన్నవి. ఢిల్లీ విశ్వవిద్యాలయము జీవితపర్యంత విద్య, విస్తరణ అను పేరుతో ఎం.ఏ. చదువును ఏర్పాటు చేసినది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్య ద్వారా వయోజన విద్యలో ఎం.ఏ. పట్టము ఇచ్చు ఏర్పాటు చేసినది. కళాశాల అధ్యాపకుల అర్హతకై జరుపు జాతీయ పరీక్షలో వయోజన విద్య ఒక ప్రత్యేక విషయము.

'వయోజన విద్య' అను పేరు 'జీవితపర్యంత విద్య'గా ఎందుకు మారినదో కూడ తెలిసికొనవలెను. 1972లో ఐక్యరాజ్య సమితి విద్యా సంస్థయగు యునెస్కో, ఫ్రాన్సు దేశస్థుడైన ఎడ్గార్ ఫోర్ అధ్యక్షతన ఒక నివేదిక ప్రకటించినది. విద్య బాల్యముతో ముగియునది కాదనియు, పుట్టినది మొదలు చివరివరకు సాగునదియే అనియు ఆ నివేదిక సారము. రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. విత్తనము మారును, పురుగు మారును, వాన మారును, ధర మారును, చట్టము మారును. నేర్చుకొనుట మానిన రైతు మూడవ సంవత్సరమున నష్టపోవును.

మన ప్రాంతమునకు ఈ విషయమున గర్వింపదగిన చరిత్ర కలదు. 1935లో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలలో పడవమీద గ్రంథాలయము నడచినది. పుస్తకము దగ్గరకు రైతు రాలేనప్పుడు పుస్తకమే రైతు దగ్గరకు పోవలెనని ఆ పెద్దలు గ్రహించినారు. నిడుబ్రోలులో ఆచార్య రంగా గారు 1930ల దశకమున రైతుల కొరకు విద్యాలయము నడపినారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును జీవితమును ధారపోసినారు. వీరిలో ఎవరును ఈ ఎం.ఏ. చదివినవారు కారు. కాని వారు అనుభవముతో కనుగొన్న దానిని ఒక క్రమములో పెట్టి, రాబోవువారికి అందించుటయే ఈ చదువు చేయవలసిన పని.

ఈ చదువులో ఏమి చెప్పుదురు

పెద్దలకు కావలసిన పాఠములను ఎట్లు ఎన్నుకొనవలెను, వాచకములు ఎట్లు వ్రాయవలెను, నేర్చినదియు నేర్వనిదియు ఎట్లు కనిపెట్టవలెను, ఇతర దేశములలో ఏమి చేసినారు, ప్రభుత్వ విధానములు ఏమి అనునవి ఇందులోని పాఠ్యాంశములు. అన్నిటికిని మూలము, పెద్దలు ఎట్లు నేర్చుకొందురు అను ప్రశ్న. అమెరికా విద్యావేత్త మాల్కమ్ నోల్స్ 1970లో ఒక గ్రంథమున, పిల్లలకు చెప్పు రీతి వేరు, పెద్దలకు చెప్పు రీతి వేరు అని వాదించినాడు. ఆ తరువాత దానిపై చర్చలు చాల జరిగినవి. మన పల్లెలకు పనికివచ్చు అంశములను మాత్రము ఇక్కడ చెప్పెదను.

మొదటిది అవసరము. పిల్లవాడు ఎప్పుడో పనికివచ్చునని చెప్పినను చదువును. పెద్దవాడు నేటి చిక్కును విప్పునది అయిననే చెవి ఒగ్గును. నాట్లు అయిపోయిన తరువాత విత్తనశుద్ధిని గూర్చి చెప్పిన మాట గాలికి పోవును.

రెండవది అనుభవము. రైతు ఖాళీ కుండ కాదు. ఆయన తలలో అప్పటికే ఒక లెక్క ఉన్నది. "ఎరువు ఎక్కువైతే పైరు నల్లగా వచ్చును, నల్లగా వచ్చినచో పంట మంచిది" అని ఆయన లెక్క. ఆ లెక్కను తెలిసికొనకుండ మీ లెక్క చెప్పినచో రెండును పక్కపక్కన ఉండిపోవును. చేతికి వచ్చినది మాత్రము పాత లెక్కయే.

మూడవది గౌరవము. నలుగురిలో, అందులోను తన కొడుకు ఎదుట, తెలియదని ఒప్పుకొనుట పెద్దవానికి కష్టము. అందుచేతనే మన సభలలో ప్రశ్నలు రావు. ప్రశ్న రాని సభను అందరికి అర్థమైన సభగా లెక్కవేయరాదు.

నాలుగవది చేసి చూచుట. తాను స్వయముగా లెక్కపెట్టిన పురుగును రైతు నమ్మును. మనము చెప్పిన సంఖ్యను నమ్మవలసిన అగత్యము ఆయనకు లేదు.

ఐదవది కాలము, చోటు. ఉదయము పది గంటలకు కార్యాలయములో సభ పెట్టినచో కూలికి పోయిన స్త్రీ రాజాలదు. మన చేలలో నాటు, కలుపు, కోత పనులలో ఎక్కువ భాగము ఆమె చేతిలోనే ఉన్నది గదా.

ఈ ఐదును చదువగా "ఇందులో క్రొత్త ఏమున్నది?" అని తోచును. తెలియుట వేరు, ఆ ప్రకారము ఒక సభను, ఒక పాఠమును, ఒక పంటకాలపు శిక్షణను అమర్చుట వేరు. ఆ అమరికను నేర్పునదియే ఈ చదువు.

విస్తరణయా, సంభాషణయా?

ఈ పత్రిక విస్తరణ పత్రిక. కనుక విస్తరణ అను మాటనే ప్రశ్నించిన ఒక పుస్తకమును గూర్చి ఇక్కడ చెప్పుట న్యాయము. బ్రెజిల్ దేశపు వయోజన విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ, చిలీ దేశమున భూసంస్కరణల కాలములో పనిచేయుచు, 1969లో ఒక చిన్న గ్రంథము ప్రకటించినాడు. విస్తరణయా, సంభాషణయా అనునదియే దాని పేరులోని ప్రశ్న. వ్యవసాయ నిపుణుడు తన జ్ఞానమును రైతు మీదికి చాచి కప్పుట విద్య కానేరదనియు, ఇద్దరును ఒకే చేనును చూచి మాటలాడుకొనుటయే విద్య అనియు అతని వాదము. అతడు 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్ అను ఊరిలో మూడువందలమంది శ్రామికులకు సుమారు నలుబది గంటల బోధనతో చదువు నేర్పుటకు పూనుకొన్నవాడు. వారి పనిలోని మాటలతోనే అక్షరములు చెప్పించినాడు.

అతడు చెప్పినది అంతయు మనము ఒప్పుకొననక్కరలేదు. ఉప్పెన వచ్చుచున్నప్పుడు సంభాషణకు సమయము ఉండదు, హెచ్చరిక చేయవలసినదే. కాని పంటసాగులో చాలభాగము అట్టి అత్యవసరము కాదు. అక్కడ అతని మాట మన అనుభవమునకు సరిపోవుచున్నది.

ఇందుకు వరిచేనిలో దొరకిన నిదర్శనము చూడుడు. ఇండోనేషియాలో 1980ల దశకమున సుడిదోమ వరిపంటను ధ్వంసము చేసినది. మందు చల్లినకొలది దోమ పెరిగినది. మందు వలన దోమను తిను సాలీళ్ళును, ఇతర మిత్రపురుగులును చచ్చుటయే అందుకు కారణము. 1986లో ఆ ప్రభుత్వము 57 రకముల పురుగుమందులను వరిపై వాడరాదని నిషేధించినది. నిషేధము ఒక్కటియే చాలదు. రైతు తన కంటితో మిత్రుని, శత్రువును గుర్తింపవలెను. అందుకై 1989లో అక్కడ పొలంబడులు ఆరంభమైనవి. వాటి రూపకల్పనలో కీటక శాస్త్రజ్ఞులతోపాటు వయోజన విద్య తెలిసినవారు కూడ కూర్చుండినారు. అదియే అసలు సంగతి. పురుగును గూర్చి చెప్పవలసినది ఒకరికి తెలియును, ఎట్లు చెప్పవలెనో మరియొకరికి తెలియును.

పొలంబడి తరువాత మన రాష్ట్రములకును వచ్చినది. పాతిక ముప్పదిమంది రైతులు పంటకాలము పొడుగున వారమునకు ఒకసారి చేనిలో కలిసికొందురు. చిన్న జట్లుగా విడిపోయి దుబ్బులు పరిశీలించి, పురుగులను లెక్కించి, పెద్ద కాగితముమీద పైరు బొమ్మ గీసి, ఒక పక్క శత్రువులను, మరియొక పక్క మిత్రులను వేయుదురు. మందు కొట్టవలెనా వద్దా అని వారే నిర్ణయింతురు. దోమతెర గుడ్డ చుట్టిన కుండీలో సాలీడును, దోమలను వేసి మరునాడు ఎన్ని దోమలు మిగిలినవో చూతురు. ఇందులో శిక్షకునకు ఒక కఠినమైన నియమము కలదు. రైతు ఒక పురుగును చూపి "ఇది ఏమిటి?" అని అడిగినచో వెంటనే పేరు చెప్పరాదు. "ఎక్కడ దొరికింది? అక్కడ ఏం చేస్తున్నది?" అని తిరిగి అడుగవలెను. మనవంటి ఉద్యోగులకు ఇంతకన్న కష్టమైన పని లేదు. తెలిసిన పేరును నాలుక చివర ఆపుట అభ్యాసము లేకుండ రాదు. ఆ అభ్యాసము లేని శిక్షకుడు నడపిన చోట పొలంబడి పేరు మాత్రము మిగిలి, మరల ఉపన్యాసమే జరిగినది.

రెండవ నిదర్శనము బోరుబావులది. అనంతపురము, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో, 2010 వరకు కొన్ని సంవత్సరములు, రైతులే భూగర్భజలమును కొలుచు పథకము ఒకటి జరిగినది. రైతులు, స్త్రీలతో సహా, వాన కొలిచినారు. బోరులో నీటిమట్టము కొలిచినారు. గ్రామములోని పలకమీద అంకెలు వ్రాసినారు. రబీకి ముందు ఊరివారందరు కూర్చుండి, నీరు ఎంత ఉన్నది, అనుకొన్న పంటలకు ఎంత కావలెను అని జమాఖర్చు వేసినారు. ఏ పంట వేయవలెనో ఎవరును శాసింపలేదు. అయినను అనేకులు వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మారినారు. నీటిపారుదల అధికారి వచ్చి "నీరు తగ్గిపోయినది" అని చెప్పినచో ఒకరును వినియుండరు. తన చేతితో త్రాడు దించి కొలిచిన అంకెకు రైతు ఎదురు చెప్పలేడు.

మూడవది అక్షరముల సంగతియే. నెల్లూరు జిల్లాలో 1990 తరువాత సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము జరిగినది. దూబగుంట గ్రామములో రోశమ్మ మొదలగు స్త్రీలు సారాదుకాణము మూయించిన కథను "ఆడవాళ్ళు ఏకమైతే" అను పాఠముగా వాచకములో చేర్చినారు. చదువు నేర్చుచున్న స్త్రీలు ఆ పాఠమును చదివి, అది తమ ఇంటి కథయే అని గ్రహించినారు. 1992 నాటికి ఉద్యమము జిల్లా అంతటను, తరువాత రాష్ట్రమంతటను వ్యాపించినది. 1993 అక్టోబరు 1వ తేదీ నుండి ప్రభుత్వము సారాను నిషేధించినది. పెద్దలకు వ్రాయు పాఠము వారి బ్రతుకునుండి పుట్టినచో ఎంతటి బలము కలిగియుండునో చెప్పుటకు ఇంతకన్న సాక్ష్యము అక్కరలేదు.

ఆక్షేపణలు

ఈ చదువును నేను పొగడుచున్నానని దానిలో లోపములు లేవని కాదు. ముఖ్యముగా రెండు ఆక్షేపణలు ఉన్నవి. రెండును న్యాయమైనవే.

మొదటిది, చదివినవారికి ఉద్యోగమేది అని. వ్యవసాయశాఖ ఉద్యోగమునకు వ్యవసాయ పట్టము అడుగుదురు, బడి ఉద్యోగమునకు బి.ఎడ్. అడుగుదురు. వయోజన విద్యలో ఎం.ఏ. చేసినవానికి ఇదమిత్థమని ఒక ద్వారము లేదు. విశ్వవిద్యాలయ శాఖలలోను, స్వచ్ఛంద సంస్థలలోను, పథకములలోను దొరకు కొలువులు స్వల్పము. పథకము ముగిసినచో కొలువును ముగియును. కావున పేద రైతు తన కుమారుని ఈ చదువునకు పంపుటకు జంకినచో అతనిని తప్పుపట్టరాదు. నా ఉద్దేశమున ఈ చదువు క్రొత్తగా ఉద్యోగము వెదకువారికన్న, ఇప్పటికే పల్లెలలో పనిచేయుచున్నవారికి ఎక్కువ అవసరము.

రెండవది, పరిశోధన పేరిట జరుగునది. విద్యార్థి ముద్రించిన ప్రశ్నపత్రము పట్టుకొని ఒక పూట గ్రామమునకు వచ్చును. "అవును, కాదు" అను గళ్ళు నింపుకొని పోవును. ఇంగ్లీషులో సిద్ధాంత వ్యాసము వ్రాయును. అది గ్రంథాలయపు బీరువా చేరును. ఎవరిని గూర్చి వ్రాసినారో వారు దానిని ఎన్నడును చూడరు. పెద్దలకు చెప్పు విద్యను చదివినవారే పెద్దలకు తిరిగి చెప్పకపోవుట విచారకరము.

"సెల్‌ఫోనులో అన్నియు దొరకుచున్నవి గదా" అను మూడవ మాటయు వినబడుచున్నది. దొరకుచున్నది నిజమే. కాని ఒకే తెగులునకు ఒక దృశ్యములో ఒక మందు, వేరొక దృశ్యములో వేరొక మందు చెప్పుదురు. చెప్పినవారిలో మందు అమ్ముకొనువారు ఎవరో తెలియదు. ఏది నమ్మవలెనో తూచి చూచుట సమాచారముతో వచ్చునది కాదు, చదువుతో వచ్చునది. అందుచేత సెల్‌ఫోను వచ్చినకొలది ఈ విద్య అవసరము పెరిగినదే గాని తరగలేదు.

ఏమి చేయవలెను

గ్రామములలో నేడు కట్టడములకు కొదువ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రైతు భరోసా కేంద్రములుగా ఆరంభమై, 2024లో రైతు సేవా కేంద్రములని పేరు మారినవి పదివేలకు పైగా నెలకొన్నవి. తెలంగాణములో 2,601 వ్యవసాయ క్లస్టర్లకు రైతు వేదికలు నిర్మించుటకు పూనుకొని, 2020 అక్టోబరు నుండి వాటిని తెరచినారు. కూర్చుండుటకు చోటు ఉన్నది. కుర్చీలు ఉన్నవి. అక్కడ జరుగునది ఉపన్యాసమా, విద్యయా అనునది మాత్రము చెప్పువాని మీద ఆధారపడియున్నది.

కనుక నేను మూడు సంగతులు సూచించుచున్నాను.

ఒకటి: గ్రామస్థాయిలో పనిచేయు వ్యవసాయ సహాయకులు, విస్తరణాధికారులు ఈ ఎం.ఏ.ను దూరవిద్య ద్వారా చదువుటకు శాఖ ప్రోత్సాహము ఇయ్యవలెను. రుసుములో సహాయము చేసి, పరీక్షలకు సెలవు ఇచ్చి, పదోన్నతిలో దానిని లెక్కింపవలెను. రాజేంద్రనగరులో 1962లో నెలకొన్న విస్తరణ విద్యా సంస్థ, 1987లో ఏర్పడిన జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ హైదరాబాదు చెంతనే ఉన్నవి. విశ్వవిద్యాలయములు వాటితో చేయి కలిపినచో క్రొత్త ఖర్చు చాల తక్కువ.

రెండు: ఈ చదువులో సగము గ్రామములో జరుగవలెను. విద్యార్థి ఒక పంటకాలమంతయు ఒకే గ్రామమున ఒకే జట్టుతో పనిచేయవలెను. సిద్ధాంత వ్యాసము తెలుగులో వ్రాయుటకు అనుమతి ఉండవలెను. దాని సారాంశమును ఆ ఊరివారి ఎదుట చదివి, వారి ప్రశ్నలకు సమాధానము చెప్పిన తరువాతనే పట్టము ఇయ్యవలెను. ఆచార్యుల ప్రశ్నలకన్న ఆ ప్రశ్నలు కఠినముగా ఉండునని నా నమ్మకము.

మూడు: పట్టభద్రులై సేద్యములో నిలిచిన యువతీ యువకులు ఇప్పుడు చాల గ్రామములలో ఉన్నారు. వారికి ఈ చదువు పరిచయము కావలెను. దూరవిద్య ఎం.ఏ.లో చేరుటకు ఏ విషయమున పట్టము ఉన్నను చాలును. ఊరు విడువనక్కరలేదు. చేరదలచినవారు ఆయా సంవత్సరపు ప్రవేశ ప్రకటన చూచుకొని, చదువు నడచుచున్నదియు, రుసుమును నిర్ధారించుకొనవలెను. 1982లో హైదరాబాదులో స్థాపింపబడి, నేడు డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ పేరిట ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశములోనే మొదటిది. చదువును ఇంటికి పంపుట మనకు క్రొత్త కాదు.

పట్టము వచ్చువరకు ఆగనక్కరలేదు

ఈ చదువు చదువనివారు కూడ రేపటి సభ నుండియే కొన్ని పద్ధతులు పాటింపవచ్చును. సభలో మొదటి పావుగంట మాటలాడకుడు, అడుగుడు. "ఈ యేడు ఏది ఇబ్బంది పెట్టింది?" అన్న ప్రశ్న చాలును. ఒక సభలో ఒక సంగతినే చెప్పుడు. వీలైనంతవరకు గట్టుమీద చెప్పుడు. చెప్పినదానిని ఒక రైతుచేత, ఒక స్త్రీచేత తిరిగి చెప్పించుడు. అర్థము కానిది వారి తప్పు కాదని ముందే చెప్పుడు. పదునైదు దినముల తరువాత తిరిగి పోయి, ఎందరు చేసినారో చూచి, చేయనివారిని మందలింపక కారణము అడుగుడు. ఆ కారణములను వ్రాసికొనుడు. పై అధికారులకు పంపు నివేదికలో హాజరైనవారి సంఖ్యతోపాటు ఆ కారణములను కూడ చేర్చుడు.

రైతు సోదరులు, సోదరీమణులు కూడ ఒక పని చేయవలెను. మర్యాదకై మౌనముగా వినుట మానవలెను. అర్థము కానప్పుడు "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అనుట మీ హక్కు. మీరు అడుగకపోయినచో మావంటివారు అంతయు బాగున్నదని నివేదిక వ్రాసి పోవుదుము.

2011 జనాభా లెక్కల ప్రకారము నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేండ్లు పైబడినవారిలో నూటికి 67 మంది మాత్రమే అక్షరాస్యులు. మిగిలినవారిలో ఎందరో మనకు అన్నము పెట్టువారు. వారు చదువు రానివారే కాని తెలియనివారు కారు. వారితో మాటలాడుటకు మనకు చదువు చాలలేదు. ఆ లోటు తీర్చు చదువు విశ్వవిద్యాలయములలో ఉన్నది. దానిని పల్లెకు దింపుకొనవలెను.

ఆ వృద్ధ రైతు పెట్టెలో భూసార పత్రము ఇప్పుడు లేదు. ఇంటి చూరుక్రింద, మేకుకు వ్రేలాడుచున్నది. ఎరువు వేయుటకు ముందు మనవరాలిచేత చదివించుకొనుచున్నాడు. మొన్న పోయినప్పుడు, "బోరాను అంటే ఏమిటి బాబూ? అది మన అంగట్లో దొరుకుతుందా?" అని అడిగినాడు. ఈసారి నేను వెంటనే సమాధానము చెప్పలేదు. "ఏ పంటలో ఏం తేడా కనిపించింది పెద్దయ్యా?" అని అడిగి, ఆయన ప్రక్కన కూర్చుండినాను.